లాంగ్వేజీ డాక్టరు రాసిన చీటీలు

"సార్, మొదట ఏ లాంగ్వేజీ నేర్చుకోమంటారు?"

నేను రిటైరై ఏళ్లు గడిచినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పొద్దున్నే పార్కులో నడుస్తుంటే అడుగుతారు. పెళ్లి భోజనంలో పప్పు కలుపుకుంటుంటే పక్క కుర్చీలోంచి అడుగుతారు. వెంటనే జవాబు చెప్పనని కొందరికి నా మీద కోపం కూడా. ఒకప్పుడు వెంటనే చెప్పేవాణ్ణి. ఎంత వెంటనే అంటే, మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే చీటీ రాసి చేతిలో పెట్టేవాణ్ణి. ఆ జబ్బు ఎలా కుదిరిందో ఇప్పుడు చెబుతాను. కోడింగు మొదలుపెట్టబోయే పిల్లలకు ఇందులో పనికొచ్చేది ఏమైనా కనిపిస్తే తీసుకోండి. లేకపోతే ఒక లెక్కల మాస్టారు ఎలా అభాసుపాలయ్యాడో చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజీ చెప్పేవాణ్ణి. అంతకుముందు మా కోస్తా వైపు ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. సాఫ్ట్‌వేర్ గాలి జోరుగా వీస్తున్న రోజులవి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో గోడలు కనపడేవి కావు, బోర్డులే కనపడేవి. కరెంటు స్తంభానికి జావా, మెట్ల కమ్మీకి కోబాల్, ఇడ్లీ బండి గొడుగు మీద విజువల్ బేసిక్. ఫుట్‌పాత్ మీద పది అడుగులు వేస్తే చేతిలో పది కరపత్రాలు పడేవి. ఊరినుంచి కొత్తగా దిగిన పిల్లలు ఆ కాగితాల కట్ట పట్టుకుని, తప్పిపోయినవాళ్లలా పైకి చూస్తూ నడిచేవాళ్లు.

మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉండేది. కంప్యూటర్లకు దుమ్ము పడదని చెప్పులు బయటే విప్పించేవాళ్లం. మెట్ల మీది చెప్పుల గుట్ట ఎత్తును చూసి మా డైరెక్టరు గారు ఆ రోజు సంతోషంగా ఉండాలో దిగులుగా ఉండాలో నిర్ణయించుకునేవారు. ఆయనది గుంటూరు వైపు. అంతకుముందు విత్తనాల వ్యాపారం చేశారు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది తక్కువే గానీ, మనుషుల భయం గురించి బాగా తెలుసు.

ఒకరోజు నన్ను పిలిచి, "మాస్టారూ, జనం కన్ఫ్యూజ్ అవుతున్నారండీ. కన్ఫ్యూజ్ అయినోడు పక్క బిల్డింగు ఎక్కుతున్నాడు. మీ మొహం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. రేపట్నుంచి రిసెప్షన్ పక్కన మీకో టేబులు వేయిస్తా. వచ్చినోళ్లకి ఏ లాంగ్వేజీ పనికొస్తుందో చెప్పండి. సలహా ఉచితం" అన్నారు.

నా మొహం గురించి అంతకుముందు ఎవరూ అంత మంచిమాట అనలేదు. ఆ రాత్రే కూర్చుని ఒక పట్టిక తయారుచేశాను. లెక్కలు చదివినవాళ్లకు సి. కామర్స్ వాళ్లకు కోబాల్. ఆర్ట్స్ వాళ్లకు విజువల్ బేసిక్. ఇంజనీర్లకు సి, ఆ తర్వాత జావా. డిగ్రీ లేనివాళ్లకు ఎమ్మెస్ ఆఫీసు. ఈ పట్టికను లామినేషన్ చేయించి టేబులు మీద పెట్టుకున్నాను. మనిషి రాగానే, "ఏం చదివారు?" అని ఒకే ప్రశ్న. జవాబు చూపుడువేలితో పట్టికలో వెతకడం, చిన్న చీటీ మీద కోర్సు పేరు రాసి సంతకం పెట్టడం. ఆ చీటీ తీసుకెళ్లి రిసెప్షన్‌లో ఇస్తే అక్కడి అమ్మాయి ఫారం నింపి, చీటీ దానికి గుచ్చేది. పేర్లూ ఊర్లూ ఆ అమ్మాయి పని. నాది వైద్యం మాత్రమే.

నెల తిరక్కుండా నాకు లాంగ్వేజీ డాక్టరని పేరొచ్చింది. పైకి ఏమిటీ వెటకారం అన్నట్టు చూసేవాణ్ణి గానీ లోపల చాలా బాగుండేది.

రకరకాల మనుషులు వచ్చేవాళ్లు. ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చి, "మావాడికి నామ నక్షత్రం ప్రకారం 'జ' అక్షరం కలిసొస్తుందండీ. జావా ఇప్పించండి" అంది. ఆ అబ్బాయి బీకాం. నా పట్టిక ప్రకారం కోబాల్ రాయాలి. "'క' అక్షరం ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాను. ఆవిడ కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టి, "శత్రు స్థానమండీ" అంది. మరొకాయన పిల్లకు సంబంధం కుదిరిందనీ, పెళ్లికొడుకు సి ప్లస్ ప్లస్ అనీ, పిల్లకు సి ఒక్కటీ నేర్పితే ఇద్దరికీ మాట కలుస్తుందా అనీ అడిగాడు.

మా ఇన్‌స్టిట్యూట్‌లో విజువల్ బేసిక్ చెప్పేది నాకంటే పదేళ్లు చిన్నవాడు, నల్లగొండ వైపు మనిషి. మొదటిరోజే తెరమీద ఏదో ఒకటి కదలాలన్నది అతని సిద్ధాంతం. "అన్నా, బటన్ నొక్కంగనే రంగు మారాలె. గప్పుడే మనిషి రేపు సుత వస్తడు" అనేవాడు. సి రానివాడికి ఏదీ రాదన్నది నా సిద్ధాంతం. ఇద్దరం టీ తాగినప్పుడల్లా దీనిమీద పోట్లాడుకునేవాళ్లం. నా టేబులు చూసి అతను ఒకసారి అన్నాడు: "మందు రాసుడు మంచిగనే ఉన్నదన్నా. గని రోగమేందో అడుగుతున్నవా?"

కుళ్లు అనుకున్నాను.

ఆషాఢం మొదలైన వారంలో సోమవారం పొద్దున ఇద్దరు ఒకరి వెనక ఒకరు నా టేబులు దగ్గరికి వచ్చారు. మొదటాయనకు యాభై దాటాయి. మాసబ్ ట్యాంకులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. రాజమండ్రి వైపు మనిషి. టిఫిను డబ్బా సంచీ ఒళ్లో పెట్టుకుని, "మా సెక్షన్‌కి కంప్యూటర్లు వచ్చాయండీ. అందువల్ల ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టారు.

"డిగ్రీలో ఏం చదివారు?" అన్నాను.

"బీఎస్సీ మ్యాథ్సండీ. కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఏముందో నేను వినలేదు. లెక్కల మనిషి దొరికాడన్న ఆనందంలో 'సి' అని రాసేశాను.

ఆయన వెనక నిలబడ్డావిడకు నలభై ఉంటాయేమో. బల్కంపేటలో కుట్టుకొట్టు నడుపుతోంది. జాకెట్లు కుడుతుంది, మగ్గం పని కూడా చేయిస్తుంది. వేళ్ల చివర సూది గుచ్చుకున్న నల్లచుక్కలు. కుర్చీ అంచున కూర్చుని, "సార్, ఆషాఢంల పెండ్లిళ్లు ఉండయి గద, పని తక్కువుంటది. గీ నెల రోజుల్ల నేర్చుకుందామని వచ్చిన. నాకు..." అంది.

"ఏం చదువుకున్నారమ్మా?"

"పదో తరగతి పాసైన సార్. గని..."

ఆ 'గని' కూడా వినలేదు. వేలు పట్టికలో అడుగు గడికి వెళ్లింది. 'ఎమ్మెస్ ఆఫీసు' అని రాసి, "ఇది చాలమ్మా మీకు. కొలతలన్నీ చక్కగా టైపు చేసి పెట్టుకోవచ్చు" అని ధైర్యం చెప్పాను. ఆవిడ చీటీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మంచిది సార్" అని లేచి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఏడు గంటల సి క్లాసుకు వెళ్లేసరికి ముందు వరసలో ఆవిడ ఉంది. ఒళ్లో టైలర్లు కొలతలు రాసుకునే పొడుగు నోటుబుక్కు. చుట్టూ అప్పుడే ఇంజనీరింగు ముగించి వచ్చిన పిల్లలు.

"అమ్మా, మీ క్లాసు ఇది కాదేమో" అన్నాను.

"గిదే సార్. మీ చీటీల సి అనే ఉండె."

నమ్మలేక రిసెప్షన్‌కు వెళ్లి ఫారాలు తీయించాను. ఆవిడ ఫారానికి గుచ్చిన చీటీ మీద 'సి'. గుమాస్తా గారి ఫారానికి గుచ్చిన దాని మీద 'ఎమ్మెస్ ఆఫీసు'. రెండూ నా చేతిరాతే, రెండింటి మీదా నా సంతకమే. ఇద్దరూ వెంట వెంట వచ్చిన హడావిడిలో ఒకరిది ఒకరి చేతిలో పెట్టానన్నమాట! వేరే వైద్యుడైతే మనుషులు పోయేవాళ్లు.

అప్పుడే నోరు విప్పి సరిదిద్దితే అయిపోయేది. కానీ డాక్టరు మందులు తారుమారు చేశాడని అమీర్‌పేటలో తెలిస్తే ఎంత నామర్దా! ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆవిడ వారంలో భయపడి తనంతట తానే మానేస్తుంది. గుమాస్తా గారు వారంలో విసుగెత్తి తనంతట తానే నా దగ్గరికొస్తారు. నేను ఏమీ ఎరగనట్టు ఇద్దర్నీ సర్దేస్తాను. పరువుకు పరువు, వైద్యానికి వైద్యం.

వారం గడిచింది. ఆవిడ మానలేదు. ఆయన రాలేదు.

ఆవిడ మానకపోగా మూడోరోజే నన్ను ఇరుకున పెట్టింది. నేను బోర్డు మీద 'ఐ ఈజ్ ఈక్వల్ టు ఐ ప్లస్ వన్' అని రాశాను. ఆరేళ్లుగా రాస్తున్నదే.

"అదెట్లైతది సార్?" అందావిడ. "ఐ అన్నది ఐ కంటె ఒకటి ఎక్కువెట్లైతది?"

"అది సమానం కాదమ్మా. కుడివైపు లెక్క చేసి, వచ్చిన దాన్ని ఎడమవైపు పెట్టడం."

"మరి పెట్టుడైతే సమానం గుర్తు ఎందుకేసిన్రు సార్?"

నేను లెక్కల మాస్టారుని. జీవితమంతా ఆ గుర్తుకు దణ్ణం పెట్టి బతికినవాణ్ణి. "ఎవరో అలా పెట్టారమ్మా, మనం సర్దుకుపోవాలి" అన్నాను. వెనక కూర్చున్న ఇంజనీర్లు నలుగురు మెల్లగా నోటుబుక్కులు తెరిచి ఏదో రాసుకున్నారు. వాళ్లకీ అదే సందేహమట. నాలుగేళ్లుగా అడగడానికి సిగ్గుపడ్డారట.

ఆవిడ మహా మేధావి అని చెప్పబోతున్నానని అనుకోకండి. కాదు. టైపింగు ఒక్క వేలితో. వాక్యం చివర సెమికోలన్ పెట్టడం రోజూ మరిచిపోయేది. కంప్యూటరు తప్పు చూపించిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి జరుపుకుని, కరుస్తుందేమోనన్నట్టు చూసేది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున దారులన్నీ జనంతో నిండిపోయి సగం క్లాసు రాలేదు. ఆవిడ మాత్రం పాదాలకు పసుపుతో, ఆయాసపడుతూ వచ్చింది. "అమ్మవారికి మొక్కి వచ్చిన సార్, నిన్న గా సెమికోలన్ యాడ పోయిందో జర చూపియ్యమని" అంది. కూర్చున్న రెండో నిమిషంలో అది దొరికింది. ఆ రోజు క్లాసులో మిగతావాళ్లకు నామీద నమ్మకం కాస్త తగ్గింది.

రెండోవారంలో చుక్కల లెక్కలకు వచ్చాం. సి చెప్పే ప్రతి మాస్టారూ చేయించే పనే: ఒక వరసలో ఒక చుక్క, రెండో వరసలో రెండు, మూడో వరసలో మూడు, అలా తెరమీద త్రిభుజం రావాలి. ఎందుకు రావాలి అని ఎవరూ అడగరు. పిల్లలంతా విసుగ్గా త్రిభుజాలు వేసి వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం ఆ రోజునుంచి క్లాసయ్యాక కూడా ల్యాబులోనే కూర్చునేది. నోటుబుక్కులో గళ్లు గీసుకుని, గళ్లలో చుక్కలు పెట్టుకుని, ఏదో ఒక్క వేలితో కొట్టుకుంటూ ఉండేది. నేనూ పట్టించుకోలేదు.

ఒక గురువారం పొద్దున ల్యాబులోంచి ప్రింటరు కీచుమంటూ మొదలై ఎంతకీ ఆగలేదు. ఆ రోజుల్లో ప్రింటరు కాగితం మడతలు మడతలుగా పొడవునా వచ్చేది. డైరెక్టరు గారు గదిలోంచి, "ఏంటండీ ఆ చప్పుడు? ఎవరండీ కాగితం అంతా తినేస్తుంది?" అని పరుగెత్తుకొచ్చారు. వెనక నేను.

కాగితం నేలమీద చాపలా పరుచుకుని ఉంది. దాని మీద చుక్కలతో మామిడిపిందెలు. ఒకదాని పక్కన ఒకటి, తోకలు వంపు తిరిగి, చక్కటి చీర అంచులా. ఆవిడ కాగితం పక్కన కింద కూర్చుని టేపుతో కొలుస్తోంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"జాకెట్ చేతికి అంచు సార్. ఒక్కొక్కళ్ల చెయ్యి ఒక్కొక్క తీరు ఉంటది గద. పిందెలు కుట్టుకుంట పోతె కొసకు సగం పిందె మిగుల్తది. మస్తు గలీజ్ కనిపిస్తది. గిప్పుడు చెయ్యి చుట్టుకొలత చెప్తె ఎన్ని పిందెలు పడతయో, నడుమ ఎంత సందు ఇడవాలెనో గదే లెక్క జేసి బొమ్మ ఇస్తది. గీ కాగితం బట్టమీద పెట్టి ముద్ర ఏసుకునుడే."

నేను పదకొండు మడతల కాగితం వంగి వంగి చూశాను. ఎక్కడా సగం పిందె లేదు. ఆరేళ్లలో కొన్ని వందలమందికి ఆ త్రిభుజం నేర్పాను. అది ఒక మనిషికి పనికి రావడం నా కళ్లతో చూడటం అదే మొదటిసారి.

డైరెక్టరు గారు కాగితం సంగతి మరిచిపోయారు. నన్ను పక్కకు లాగి, "మాస్టారూ, పదో తరగతి టైలరమ్మకి సి ఇవ్వాలని మీకెలా తట్టిందండీ?" అని అడిగారు.

నిజం చెప్పడానికి దేవుడు అంతకంటే మంచి అవకాశం ఎవరికీ ఇవ్వడు. నేను కళ్లజోడు తుడుచుకుని, "అనుభవం" అన్నాను.

ఇది చాలదన్నట్టు మూడురోజుల తర్వాత గుమాస్తా గారు పూతరేకుల పెట్టెతో వచ్చారు. వాళ్ల సెక్షన్‌లో ఎవరిని ఉంచాలి, ఎవరిని దూరం జిల్లాకు పంపాలి అన్న విచారణ నడుస్తోందట. ఆరొందలమంది ఉద్యోగుల సీనియారిటీ జాబితా ఆయన కంప్యూటరు మీద ఒక మధ్యాహ్నంలో సరిచేసి చూపించారట. ఇక ఆయన్ని పంపే ప్రసక్తే లేదన్నారట. "మీ చీటీ నన్ను కాపాడిందండీ" అని ఒకరకంగా నవ్వారు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను రాసిన సి మీదే ఉండుంటే ఆయన ఆ పాటికి త్రిభుజాలు వేస్తూ ఉండేవారు, జిల్లాలో.

డైరెక్టరు గారు ఆగలేదు. పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, ఆదివారం పొద్దున ఉచిత సదస్సు ప్రకటించారు. 'ఏ లాంగ్వేజీ ఎవరికి? మనిషిని చూసి చెప్పగల మాస్టారు' అని బ్యానర్లు కట్టించారు. నా ఫోటో మెడలో ఆర్టిస్టు ఉత్సాహం కొద్దీ స్టెతస్కోపు కూడా గీశాడు. మర్నాడు ఒక పెద్దాయన మూడంతస్తులు ఎక్కి వచ్చి, నా టేబులు మీద మోకాలి ఎక్స్‌రే పెట్టాడు. ఆయనకు సంగతి వివరించి కిందికి దింపేసరికి నా మోకాళ్లు పట్టేశాయి.

కొలువులో ఒక చిన్న అబద్ధం ఆడితే అది స్టెతస్కోపు వేసుకుని నాలుగు రోడ్ల కూడలిలో నిలబడుతుందని నాకు ముందు తెలియదు.

ఆదివారం హాలు నిండిపోయింది. బంజారా హిల్స్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు ముందు, హాస్టళ్ల పిల్లలు వెనక, తల్లిదండ్రులు ఎక్కడ చూసినా. మొదటి వరసలో నా ఇద్దరు రోగులు. డైరెక్టరు గారు నన్ను పొగిడి పొగిడి మైకు చేతికిచ్చారు. పట్టిక ఎత్తి చూపించాను. ఎవరికి ఏ లాంగ్వేజీయో చెప్పుకుంటూ వచ్చాను. అంతా రాసుకుంటున్నారు. అదే నన్ను భయపెట్టింది. ఒక తండ్రి కొడుకు చేతిలోంచి పెన్ను లాక్కుని మరీ రాసుకుంటున్నాడు.

'ఈవిణ్ణి చూడగానే నేనేం గ్రహించానంటే' అన్నచోటికి వచ్చేసరికి పట్టిక కిందికి దించేశాను.

"నేనేం గ్రహించలేదండీ" అన్నాను. "ఈవిడకు నేను రాసింది ఎమ్మెస్ ఆఫీసు. సి రాసింది ఆయనకు. పొరపాటున ఒకరి చీటీ ఒకరికి ఇచ్చాను. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఈ పట్టిక ప్రకారం చేసుంటే ఇద్దరికీ అన్యాయం జరిగేది."

డైరెక్టరు గారు కుర్చీలో కొంచెం చిన్నగా అయిపోయారు. అప్పుడు గుమాస్తా గారు లేచి నిలబడ్డారు.

"క్షమించాలి మాస్టారూ, పొరపాటు మీది కాదండీ. మీరు ఎవరి చీటీ వాళ్లకే ఇచ్చారు. మేమే మెట్ల మీద మార్చుకున్నాం."

నా చేతిలో మైకు కీచుమంది.

"ఫీజు తెచ్చుకుందామని దిగబోతూ చెప్పులు తొడుక్కుంటుంటే ఈవిడ అడిగింది, అన్నా నీకేం రాసిన్రు అని. సి అన్నాను. నాకు కావలసింది జాబితాలు వరస పెట్టడమండీ, అదీ నెలలోపల. ఆ సంగతే మీకు చెబుదామనుకున్నాను గానీ మీరు..."

"వినలేదు" అన్నాను.

"బిజీగా ఉన్నారండీ" అన్నారాయన మర్యాదగా.

కుట్టుకొట్టు ఆవిడ మైకు అందుకుంది. "నేను సుత చెప్పనీకె జూసిన సార్. గీ పంజాగుట్టలనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ వచ్చింది. మేము పది దినాలు కుట్టేది గది ఒక్క పూటల కుడుతున్నది. నా కాడ ఇద్దరు ఆడోళ్లు పని జేస్తరు. గా మిషన్ల పని ఎవలో రాసిపెట్టిన్రంట గద, గట్ల రాసుడేందో తెల్సుకోవాలని వచ్చిన. మీరు టైపు నేర్చుకొమ్మన్నరు. గీ అన్నకేమో టైపుదే కావాలె. ఇద్దరికి మంచిగైతదని మార్చుకున్నం. మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

ఎవరో ఒకరు నవ్వారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. మా విజువల్ బేసిక్ తమ్ముడైతే గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. నవ్వు తగ్గాక వెనకనుంచి ఒక తల్లి చెయ్యెత్తింది: "అంతా బాగానే ఉందండీ. ఇంతకీ మావాడికి ఏది ఇప్పించమంటారు?"

మా ఇన్‌స్టిట్యూట్ మునిగిందనే అనుకున్నాం. సోమవారం వెళ్లేసరికి చెప్పుల గుట్ట రెండో అంతస్తుదాకా ఉంది. వచ్చినవాళ్లంతా నా దగ్గర చీటీ రాయించుకోవడం, బయటికి పోవడం, మెట్ల మీద ఎవరితోనో మార్చుకుని రిసెప్షన్‌కు రావడం! అలా చేస్తే కలిసొస్తుందని ఆదివారం సాయంత్రానికే అమీర్‌పేట అంతా పాకిందట. "అన్నా, మెట్ల మీద మండి నడుస్తున్నది. ఒక జావాకు రెండు కోబాల్‌లు అడుగుతున్రు" అని తమ్ముడు కబురు తెచ్చాడు. డైరెక్టరు గారు దీన్ని కరపత్రంలో వేద్దామా అని అడిగారు. నేను పట్టికను బీరువా వెనక పడేసి, చీటీలు రాయడం మానేశాను.

ఆ తర్వాత వచ్చినవాళ్లను 'ఏం చదివారు' అని అడగలేదు. 'నేర్చుకుని ఏం చేద్దామని?' అని అడిగేవాణ్ణి. అడిగి నోరు మూసుకునేవాణ్ణి. అదే కష్టం. తెరమీద కదిలేది చూస్తే గానీ కుదురుగా కూర్చోలేనివాళ్లను తమ్ముడి దగ్గరికి పంపాను. లోపల ఏముందో విప్పిచూడాలన్న దురద ఉన్నవాళ్లకు సి చెప్పాను. పని గడిస్తే చాలన్నవాళ్లకు ఏ లాంగ్వేజీ వద్దని, ఎక్సెల్ నేర్చుకుని ఇంటికెళ్లమన్నాను. చాలామంది ఏ జవాబూ లేక నా మొహం చూసేవాళ్లు. వాళ్లను తొందరపెట్టకుండా ఒక వారం అన్ని క్లాసుల్లోనూ కూర్చోమనేవాణ్ణి. నచ్చిన క్లాసుకు వాళ్ల కాళ్లే వాళ్లను తీసుకెళ్లేవి. ఇప్పటి పిల్లలకూ నేను చెప్పగలిగింది ఇంతే. లాంగ్వేజీల పేర్లు మారాయి గానీ మీరు మారలేదు.

శ్రావణం రాగానే ఆవిడ క్లాసు మానేసింది. పెళ్లిళ్ల పని మొదలైంది. అప్పటికి మేం పాయింటర్లు అనే పాఠానికి వచ్చాం. సిలో అన్నిటికంటే కష్టమైనది అదే, నేను అన్నిటికంటే గొప్పగా చెప్పేదీ అదే. ఒక్క వారం ఆగమని బతిమాలాను. "గది నాకు అక్కరలేదు సార్" అని నవ్వేసి వెళ్లిపోయింది.

కొన్ని నెలల తర్వాత కబురు పంపింది. పంజాగుట్టలో ఆ మిషను పెట్టినాయన డిజైన్లు చూస్తానన్నాడట, ఒక్కసారి తోడు రమ్మంది. వెళ్లాను. మిషను గది నిండా ఉంది. వరసగా సూదులు, ఒక్కసారే దిగుతున్నాయి, లేస్తున్నాయి. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. యజమాని మమ్మల్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ ఆపరేటర్‌ని అడిగి, నడుస్తున్న డిజైన్‌ను కంప్యూటర్ తెరమీద తెరిపించింది. నేను కళ్లజోడు సర్దుకుని, ఇందులో గొప్ప విషయం ఏముందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆవిడ తెర దగ్గరగా వంగి, వేలు పెట్టి మెల్లగా చదివింది.

"కుడికి మూడు. కిందికి రెండు. మళ్ల కుడికి మూడు. దారం మార్చు. కొయ్యి."

ఇంకో పేజీ జరిపించింది. మళ్లీ అదే. ఆవిడ నడుం నిటారు చేసి నావైపు తిరిగింది.

"గింతేనా సార్?" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "యాడాది సంది దీని కడుపుల ఏమున్నదో అని మస్తు భయపడ్డ."

నేను ఎప్పుడూ శిష్యుల నోట 'అమ్మో, ఇంత ఉందా' అనిపించుకోవడమే పాఠం అనుకున్నాను.

ఆవిడ అప్పటికే తెర వదిలి బట్ట దగ్గరికి వెళ్లింది. "అన్నా, గీ పిందె తోక వంకర పోయింది జూడు. గీడ కుడికి ఇంకొకటి పోవాలె" అని ఆపరేటర్‌కి చూపించింది. అతను యజమాని మొహం చూసి, ఆ ఒక్క అంకె మార్చి మిషను నడిపాడు. తోక చక్కగా తిరిగింది. యజమాని ఆ బట్టను వెలుతురులోకి పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి కేకేసి కుర్చీ తెప్పించాడు.

ఒక్కటే తెప్పించాడు. ఆవిడ కూర్చుంది. నేను నిలబడి చూశాను.